‘మళ్ళీ లైనులోకి రండి’ – సెల్ఫ్ సర్వీసు పుట్టుపూర్వోత్తరాలు

ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయమని మన కార్యదర్శి గారు అడిగినప్పుడు ఏ కొండవీటి రెడ్ల గురించో, కాటన్ దొర గురించో రాద్దామనుకున్నాను. ఈలోగా జరిగిన ఒక సంఘటన నన్ను హాంబర్గరు చరిత్రలోకి దింపింది. నవ్వకండి.

దసరా సెలవులకు మనవరాలు వచ్చింది. దాని ముచ్చట తీర్చడానికి నేనూ, మా ఆవిడా ఒక ఫాస్ట్ ఫుడ్ హోటలుకు వెళ్ళాం. పేరెందుకు లెండి. కౌంటరులోని కుర్రవాడు తలెత్తకుండానే ‘మెషిన్‌లో పెట్టుకోండి అంకుల్’ అన్నాడు. మనవరాలే టకటకా నొక్కింది. ఇరవై నిమిషాలు నిలబడ్డాం. మా ఆవిడ మోకాళ్ళ సంగతి మీకు తెలిసిందే. పైన తెరమీద మారుతున్న నంబర్లు శుక్లాల ఆపరేషను అయిన నా కంటికి ఆనలేదు. చివరికి పొట్లం విప్పితే కూరగాయల బదులు కోడిమాంసం! మనవరాలు చూసి చెయ్యి పట్టుకోబట్టి సరిపోయింది గాని, పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టని మనిషి నోట్లో పెట్టేసుకునేదే. వెనక్కి తీసుకువెళితే, ‘బిల్లుందా? అయితే మళ్ళీ లైనులోకి రండి’ అన్నాడు. పొరపాటైందన్న మాట కూడా లేదు.

వడ్డించేవాడు లేని హోటలు ఎలా పుట్టిందా అని ఇంటికి వచ్చాక చదవడం మొదలుపెట్టాను. 1902లోనే అమెరికాలోని ఫిలడెల్ఫియాలో హార్న్, హార్డార్ట్ అనే ఇద్దరు ‘ఆటోమాట్’ తెరిచారు. బీరువా అరల్లాంటి అద్దాల గూళ్ళు. నాణెం వేస్తే తలుపు తెరుచుకుంటుంది, పలహారం తీసుకోవాలి. అంటే నేడు మనం కొత్త అనుకుంటున్న మెషిను మన తాతల నాటిదే.

అసలు మలుపు 1948లో వచ్చింది. కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో రిచర్డ్, మారిస్ మెక్‌డొనాల్డ్ అనే అన్నదమ్ములకు బాగా నడుస్తున్న హోటలుండేది. అక్కడ అమ్మాయిలు కార్ల దగ్గరికే వచ్చి వడ్డించేవారు. లాభాలు వస్తున్నా సోదరులు దాన్ని మూడు నెలలు మూసేశారు. వడ్డించే అమ్మాయిలను మానిపించారు. పాతిక రకాల పదార్థాలను తొమ్మిదికి కుదించారు. ప్లేట్లు, ఫోర్కులు తీసేసి కాగితం పెట్టారు. వంటవాడి పనిని ముక్కలు చేసి ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క అప్పగించారు. కొనేవాడే కిటికీ దగ్గరికి రావాలి. హాంబర్గరు ధర 15 సెంట్లు. మొదట్లో బేరం పడిపోయింది. జనం అలవాటు చొప్పున కార్లలో కూర్చుని హారన్లు కొట్టేవారట! తర్వాత ఆ చవకకీ, వేగానికీ లొంగిపోయారు. మిల్క్ షేక్ యంత్రాలమ్ముకునే రే క్రాక్ 1954లో వచ్చి ఇది చూసి, 1955లో ఇల్లినాయిలో తన దుకాణం తెరిచాడు. 1961లో 27 లక్షల డాలర్లకు అన్నదమ్ముల నుంచి మొత్తం కొనేశాడు. చవక ఎక్కడి నుంచి వచ్చిందో గమనించారా? మర్యాద చేసే మనిషిని తీసెయ్యడం నుంచి. కొంత పని మన నెత్తిన పెట్టడం నుంచి.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి. 1992లో న్యూమెక్సికో రాష్ట్రంలోని అల్బుకర్క్‌లో స్టెల్లా లీబెక్ అనే 79 ఏళ్ళ పెద్దావిడ మనవడి కారులో కూర్చుని మెక్‌డొనాల్డ్స్‌లో 49 సెంట్ల కాఫీ కొన్నది. ఆగి ఉన్న కారులో మూత తీయబోతే కాఫీ ఒళ్ళో పడి చర్మం లోతుగా కాలింది. ఎనిమిది రోజులు ఆసుపత్రి, చర్మం అతికించే శస్త్రచికిత్సలు. ఖర్చుల కోసం 20 వేల డాలర్లు అడిగితే కంపెనీ 800 ఇస్తామన్నది. కేసు నడిచినప్పుడు బయటపడిందేమిటంటే, అంతకు ముందు పదేళ్ళలో కాలిన గాయాల గురించి 700కు పైగా ఫిర్యాదులు ఆ కంపెనీకి వచ్చి ఉన్నాయి. అంటే ఫైలు ఉంది. చదివినవాళ్ళూ ఉండే ఉంటారు. చర్య లేదు. 1994లో జ్యూరీ ఆమెకు పరిహారంతో పాటు 27 లక్షల డాలర్లు శిక్షగా వేసింది. జడ్జి దాన్ని 4 లక్షల 80 వేలకు తగ్గించాడు. ఆ తర్వాత ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. కాఫీ ఒలికిందని కోట్లు కొట్టేసిందంటూ లోకం ఆ ముసలావిడనే ఎగతాళి చేసింది.

‘ఫైలు ఉంది’ అని రాసేటప్పుడు నా చెయ్యి కొంచెం ఆగింది. నేను 1974 నుంచి 2008 వరకు ట్రెజరీలో ఉన్నవాణ్ణి. మా కిటికీ అవతల ఎంతమంది నిలబడ్డారో నాకు లెక్క లేదు. బిల్లు తీసుకుని ఇత్తడి టోకెను ఇచ్చేవాళ్ళం. ఒకసారి ఫ్యామిలీ పెన్షను కోసం పల్లెటూరి నుంచి బస్సులో వచ్చిన ఒక వృద్ధురాలు టోకెను పారేసుకున్నది. ‘రేపు రామ్మా, మళ్ళీ లైనులో రా’ అన్నాను. ఆవిడ మొహం గుర్తులేదు, ఆవిడ కొంగు ముడి విప్పి వెతుక్కోవడం గుర్తుంది.

మన దేశానికి ఈ పద్ధతి ఆలస్యంగా వచ్చింది. కె.ఎఫ్.సి. 1995లో బెంగుళూరులోనూ, మెక్‌డొనాల్డ్స్ 1996 అక్టోబరులో ఢిల్లీ వసంత్ విహార్‌లోనూ మొదలయ్యాయి. హైదరాబాదు ఇరానీ హోటల్లో చాయ్ తెచ్చినవాడే మనం లేచి వెళ్ళేటప్పుడు ‘ఫలానా ఆయనది ఇంత’ అని గల్లాపెట్టెకు కేకేసేవాడు. కాగితం లేదు, పొరపాటూ తక్కువే.

ఇలాంటి అనుభవం ఎవరికైనా ఎదురైతే బిల్లు పారేయకండి. వినియోగదారుల రక్షణ చట్టం 1986లో వచ్చింది. దాని స్థానంలో 2019 నాటి చట్టం 2020 జూలై 20 నుంచి అమలైంది. ఇప్పుడు మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు, రెండేళ్ళ గడువుంటుంది. ముందుగా 1915కు ఫోను చేయవచ్చు.

నేను చేశాను. అయితే ఆ రోజు మళ్ళీ లైనులో నిలబడినప్పుడు చూశాను: ఆ కుర్రవాడొక్కడే డబ్బులు తీసుకుంటున్నాడు, పొట్లాలు కడుతున్నాడు, డెలివరీ కుర్రాళ్ళకు అందిస్తున్నాడు. పక్కన తెరమీద సెకన్లు ఎర్రగా మెరుస్తున్నాయి. ఎన్నింటికి వచ్చావు బాబూ అని అడిగితే మొదటిసారి తలెత్తి, ‘పొద్దున తొమ్మిదింటికండీ’ అన్నాడు. అప్పుడు రాత్రి ఎనిమిదిన్నర.

బిల్లు మీద అతని పేరు అచ్చయి ఉంది. ఫిర్యాదులో కంపెనీ పేరు చెప్పాను గాని అతని పేరు చెప్పలేదు. మా ఆవిడ మాత్రం మార్చి ఇచ్చిన పొట్లం కూడా ముట్టలేదు. ఇంటికి వచ్చి పెరుగన్నం తిన్నది.