రాగిరేకుకు ఊరి పేరు

శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి నుంచి సముద్రం వైపు సాగితే సంతబొమ్మాళి వస్తుంది. బొమ్మాళి అన్న మాట రెండు ఊళ్లకూ ఉమ్మడి. ఒకదానికి కోట, ఇంకొకదానికి సంత ముందు చేరాయి. పేరులో కోట ఉన్న ఊరికే చరిత్ర ఎక్కువని మనం అనుకుంటాం. కానీ కళింగ చరిత్ర చదివే పండితుల నోట ఎక్కువగా వినబడేది సంతబొమ్మాళి పేరే. అక్కడ బయటపడిన రాగిరేకులే అందుకు కారణం.

ఈ ప్రాంతంలో రాగిరేకులు అరుదైనవి కావు. టెక్కలి, మందస, నడగాం, అచ్యుతాపురం, కోర్ని, పర్లాకిమిడి అన్నీ శాసన సంపుటాల్లో కనిపించే పేర్లే. కళింగను ఏలిన తొలి గంగరాజుల దానపత్రం సాధారణంగా మూడు రేకులు. వాటిని గుచ్చిన కడియం మీద ముద్ర ఉంటుంది. సంస్కృతంలో రాజు తన్ను తాను మహేంద్రగిరి మీది గోకర్ణస్వామి పాదభక్తుడినని చెప్పుకుంటాడు; దానమిచ్చిన ఊరు, పుచ్చుకున్న బ్రాహ్మణులు, ఎల్లలు వరుసగా వస్తాయి; చివర సంవత్సరం. ఎల్లల్లోని చెట్లు, పుట్టలు, చెరువులు నాటి పల్లె చిత్రాన్ని మన ముందుంచుతాయి.

ఇలాంటివి బయటపడితే పూర్వం ఏమయ్యేవి? కొన్ని పూజగదిలో చేరేవి, కొన్ని కరిగి చెంబులయ్యేవి. 1878 నిధి చట్టం వచ్చాక, పది రూపాయలకు మించిన విలువ గల పాతిపెట్టిన వస్తువు దొరికితే కలెక్టరుకు తెలపడం తప్పనిసరైంది. అయినా అధికారి చేతికి చేరినంత మాత్రాన రేకు చరిత్ర కాదు. దాన్ని శుభ్రం చేసి, సిరా నకలు తీసి, అక్షరం వెంట అక్షరం చదివి, అందరూ చూసేలా అచ్చు వేయాలి. అప్పుడే ఒకచోట దొరికిన వింత మరోచోట దొరికిన వింతతో మాట్లాడుతుంది. 1872లో బొంబాయిలో మొదలైన ఇండియన్ ఆంటిక్వెరీ, తరువాత వచ్చిన ఎపిగ్రాఫియా ఇండికా సంపుటాలు ఆ పని చేశాయి. చికాకోలు (శ్రీకాకుళం) పేరుతో పండితలోకానికి తెలిసిన గంగ దానపత్రాలను శాసన పండితుడు ఫ్లీట్ 1884లో ఆంటిక్వెరీలో ప్రకటించాడు.

ఆ వరుసలో మన నేలవాడు ఒకరు నిలబడ్డారు. గిడుగు రామమూర్తి 1863లో ముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో పుట్టి, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. సెలవుల్లో ముఖలింగం వెళ్లి ఆలయ గోడల మీది పాత లిపులను స్వయంగా చదవడం నేర్చుకున్నారు. నడగాంలో దొరికిన గంగరాజు వజ్రహస్తుని రేకులను ఆయన ఎపిగ్రాఫియా ఇండికా నాలుగో సంపుటంలో ప్రకటించారు. శక 979, అంటే క్రీ.శ. 1057-58 నాటి దానమది. అంతకు ముందు గంగుల రాజధాని కళింగనగరమంటే సముద్రతీరపు కళింగపట్నమని పండితులు అనుకునేవారు. ముఖలింగమే ఆ నగరమని గిడుగు వాదించారు. ఆలయ శాసనాలు ఆ చోటును ‘నగరం’ అన్నాయి, పక్కనే నగరికటకం అనే పల్లె నేటికీ ఉంది. ఆ ఊళ్ల మధ్య నడిచిన మనిషి కంటికే ఆ పోలిక పట్టుబడింది.

పంచుకోవడం వల్ల జరిగిన మేలుకు ఇంకో సాక్ష్యం గంగరాజు ఇంద్రవర్మ రేకులు. అచ్యుతాపురంలో దొరికిన ఆయన దానపత్రాన్ని శాసన పండితుడు హుల్ష్ ఎపిగ్రాఫియా ఇండికా మూడో సంపుటంలో అచ్చు వేశాడు. గంగరాజుల సొంత కాలగణన అయిన గంగశకంలో అది 87వ ఏటిది. దాదాపు అర్ధశతాబ్దం గడిచాక ఇరవై ఐదో సంపుటంలో సంతబొమ్మాళి రేకులు వచ్చాయి. అదే ఇంద్రవర్మ, అదే 87వ సంవత్సరం. వేర్వేరు ఊళ్లలో వేర్వేరు కాలాల్లో దొరికిన రెండు రాగిరేకులు ఒకే ఏటివని ఎవరైనా చెప్పగలుగుతున్నారంటే, రెండూ అచ్చులో ఉన్నాయి గనుకనే. అచ్యుతాపురం రేకు రాసినవాడు భానుచంద్రుని కొడుకు వినయచంద్రుడు. 91వ ఏటి పర్లాకిమిడి రేకులోనూ అతని పేరే ఉంది. రాజుల వంశావళి మధ్య ఒక లేఖకుని ఉద్యోగ జీవితం అలా బయటపడింది.

గంగశకం ఎప్పుడు మొదలైందన్న తగవూ ఇలాగే నడిచింది. రేకుల్లో సంవత్సరాలున్నాయి గాని, అవి ఏ ఏటి నుంచి లెక్కో చెప్పలేదు. ఇక్కడొక శక సంవత్సరం, అక్కడొక నక్షత్రం, మరోచోట సమకాలీన రాజు పేరు పట్టుకుని పండితులు లెక్కలు కట్టారు. క్రీ.శ. 496-498 ప్రాంతమని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు. 1922లో రాజమహేంద్రవరంలో ఏర్పడిన ఆంధ్రేతిహాస పరిశోధక మండలి తన పత్రికలో కోర్ని రేకుల వంటివాటిని ప్రకటించి, ఆ చర్చను మన ప్రాంతంలోనే ఇంకా ముందుకు తీసుకెళ్లింది. 1925లో వెలువడిన దక్షిణ భారత శాసనాల అయిదో సంపుటం ముఖలింగం, శ్రీకూర్మం గోడలను పుస్తకంలోకి దించింది.

ఈ సంపుటాలు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఎవరైనా తెరిచి చూడవచ్చు. ఒకప్పుడు మద్రాసు గ్రంథాలయానికి వెళితే గాని దొరకని పుట కోటబొమ్మాళి విద్యార్థి ఫోనులో దొరుకుతోంది. అదే ఫోనులో పాత నాణెం, శిల్పం, తాళపత్రం ఫోటోలు కూడా చేతులు మారుతున్నాయి. చాలా వాటి కింద ఊరి పేరు ఉండదు. చూసి ఆశ్చర్యపోవడం తప్ప ఏమీ చేయలేం. పాతవాళ్లు పాటించిన నియమం చిన్నది: రేకును దొరికిన ఊరి పేరుతో పిలవడం. ఎక్కడిదో తెలియని రేకు వింతగానే మిగిలిపోతుంది. సంతబొమ్మాళిదని రాసిన రేకు అచ్యుతాపురం రేకు పక్కన కూర్చోగలిగింది.

కాబట్టి చదివేవారికి ఒక మనవి. మీ పొలంలోనో, గుడి దగ్గరో పాత వస్తువు కనబడితే ముందు అధికారులకు తెలపండి. దాన్ని నలుగురితో పంచుకునేటప్పుడు ఫోటో కింద ఊరి పేరు, దొరికిన చోటు, తేదీ రాయండి.