గుంజీళ్లు, బెత్తం, టీసీ

ఐనవిల్లి విఘ్నేశ్వరుడి ముందు గుంజీళ్లు తీస్తే భక్తి. తరగతిలో తీస్తే శిక్ష. మా తరం రెండూ తీసింది. 2002లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం బడుల్లో కొట్టడాన్ని నిషేధించింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలతోపాటు మానసిక వేధింపునూ నిషేధించింది. 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఎవరినీ బడి నుంచి వెళ్లగొట్టకూడదు.

బెత్తం పోయాక, "ఒక్క తప్పు చేసినా టీసీ ఇచ్చేయాలి" అనేవారున్నారు. అమెరికాలో 1994లో తుపాకుల కోసం తెచ్చిన ఈ కఠిన పద్ధతి చాలా బడుల్లో చిల్లర తప్పులకూ పాకింది.

ఇంజనీరుగా నాకు తెలిసింది ఒకటే: టాలరెన్స్ సున్నా అని డ్రాయింగులో రాస్తే ఏ భాగమూ తయారవదు. ఎంత తేడా ఒప్పుకోవచ్చో ముందే రాసుకుంటాం. మనుషులను తయారుచేసే గురువులకు ఆ వెసులుబాటు ఇంకా అవసరం. బెత్తం దింపిన చేత్తో టీసీ రాయకుండా ఉండాలని ఈ స్వర్ణోత్సవ వేళ నా మనవి.