మన బడికి మన పంతులు



అమీర్‌పేటలో మెట్రో దిగి మైత్రీవనం వైపు నాలుగడుగులు వేస్తే గోడల నిండా కోచింగ్ బోర్డులే. అటు పంజాగుట్ట దాకా సందుసందుకీ హాస్టళ్లు. ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం, పాడేరు ఏజెన్సీల నుంచి వచ్చిన మన పిల్లలు ఆ గదుల్లో కనిపిస్తారు. కొందరిది సాఫ్ట్‌వేర్ ఆశ. కొందరి చేతుల్లో టెట్, డీఎస్సీ పుస్తకాలు. ఆ పుస్తకాలు చదివేవారికి ఈ చరిత్ర చెప్పాలనుకున్నాం. ఏజెన్సీ బడిలో ఆదివాసీ టీచర్ నిలబడటం వెనుక ఎనభై ఏళ్ల కథ ఉంది.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడయ్యాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకునేందుకు నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ అడవులకు పంపింది. ఆయన భార్య బెట్టీతో కలిసి మార్లవాయి గూడెంలో నివాసం ఉన్నారు. భూములు పోవడానికి చదువు లేకపోవడం కూడా ఒక కారణమని గుర్తించారు. 1943లో మార్లవాయిలోనే గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. అప్పట్లో చదువు చెప్పగల గోండులు దొరకడమే కష్టం. కాస్త అక్షరం ముక్క వచ్చినవారిని వెతికి, తర్ఫీదు ఇచ్చి, గూడేలకు పంతుళ్లుగా పంపారు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు అచ్చువేశారు. ఇంట్లో మాట్లాడే మాటతోనే బడిలో అక్షరం మొదలైంది.

ఆ ఒరవడి నిలవలేదు. రాష్ట్రాలు మారాయి, బడి భాష మారింది. మైదానం నుంచి వచ్చిన టీచర్లలో అంకితభావంతో పనిచేసినవారు ఉన్నారు. కానీ బస్సు లేని దారి, మలేరియా, అర్థం కాని భాష చాలామందిని బదిలీ కోసం చూసేలా చేశాయి. టీచర్ రాని రోజున బడికి తాళమే.

అందుకే రాజ్యాంగం ఐదో షెడ్యూలు గవర్నర్‌కిచ్చిన అధికారంతో 1986 నవంబరులో జీవో 275 వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులు స్థానిక గిరిజనులకే అని దాని సారం. అది కోర్టుల్లో చిక్కుకుంది. తర్వాత 2000 జనవరి 10న జీవో 3 వచ్చింది. నూరు శాతం పోస్టులు స్థానిక గిరిజనులకే, అందులో మూడో వంతు మహిళలకు. 2001లో హైకోర్టు 3:2 మెజారిటీతో దాన్ని సమర్థించింది. మన గూడేల్లో పలక పట్టిన పిల్లలే పెరిగి, అదే గూడేల్లో సుద్దముక్క పట్టుకున్నారు.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ సమానత్వానికి విరుద్ధమని, దానివల్ల ఇతరులకే కాక స్థానికేతర గిరిజనులకూ అవకాశం పోతుందని చెప్పింది. అప్పటికే చేరినవారి ఉద్యోగాలను మాత్రం కాపాడింది. 2022లో తెలంగాణలో ఎస్టీ రిజర్వేషన్ 6 నుంచి 10 శాతానికి పెరిగింది. అయినా గూడెం బడిలో గూడెం మనిషే ఉంటాడన్న హామీ ఇప్పుడు లేదు.

ఇది మన ఒక్కరి గొడవ కాదు. అమెరికాలో 1954 తీర్పుతో నల్లజాతి, తెల్లజాతి పిల్లల బడులను కలిపేటప్పుడు వేలాది నల్లజాతి టీచర్లు ఉద్యోగాలు కోల్పోయారు. చిన్న తరగతుల్లో ఒక్క నల్లజాతి టీచర్ ఉన్నా, ఆ జాతి పిల్లలు కాలేజీ దాకా వెళ్లే అవకాశం పెరుగుతుందని టెనెసీలో, నార్త్ కరోలినాలో జరిపిన పరిశోధనలు తేల్చాయి. తనలాంటి మనిషి టీచర్ కుర్చీలో కనిపిస్తే పిల్లవాడికి తన దారి కనిపిస్తుంది.

ఒక మాట నిష్ఠూరంగానే చెబుతాం. హాస్టల్ గదిలో ఫోనులో అమ్మతో గోండిలోనో కోయలోనో మాట్లాడటానికి మనలో కొందరు జంకుతున్నారు. ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కోలామి, కోయ, సవర, బంజారా వంటి ఎనిమిది భాషల్లో ప్రాథమిక తరగతుల పుస్తకాలు వచ్చాయి. ఆ భాషల్లో చెప్పేవారు లేకపోతే అవి అల్మారాలోనే ఉంటాయి. మన ఇంటిపేరుతో టీచర్ వచ్చి, మన భాష రాకపోతే గెలిచింది సగమే.

కాబట్టి డీఎస్సీకి గట్టిగా చదవండి. పోస్టు వస్తే గూడెం బడిని కోరుకోండి. ఈ సెలవుల్లో ఊరెళ్లినప్పుడు మీ గూడెంలో మొదటి పంతులు ఎవరో తాతలను, అవ్వలను అడిగి రాసి తీసుకురండి. వచ్చే సంచికలో వాళ్ల పేర్లు అచ్చువేద్దాం. కొన్నేళ్లకు ఆ వరుసలో మీ పేరూ చేరాలి.

జోహార్!