విద్యుత్ రేకు కత్తెర

విద్యుత్ రేకు కత్తెర అనగా పలుచని లోహపు రేకులను కత్తిరించుటకు విద్యుత్ మోటారుతో పనిచేసే చేతి పనిముట్టు. వర్క్‌షాపులలో దీనిని షీర్ మిషన్ అని, షీట్ కటర్ అని కూడా పిలుస్తారు. ఏ.సీ. డక్టులు, కూలర్ల డొక్కులు, వాహనాల బాడీలు, పైకప్పు రేకులు, రేకు పెట్టెలు తయారుచేసే చోట్ల దీని వాడకము ఎక్కువ. ఐ.టి.ఐ.లలో షీట్ మెటల్ వర్కర్ ట్రేడు అభ్యసించే విద్యార్థులకు ఇది పరిచయమైన యంత్రమే.

రేకును గ్రైండరు చక్రముతో కోసినపుడు నిప్పురవ్వలు లేచి, ఆ వేడికి అంచున ఉన్న జింకు పూత లేదా రంగు మాడిపోతుంది. రేకు మీద పడిన వేడి ఇనుప రజను కొద్ది రోజులలోనే తుప్పు మచ్చలుగా మారుతుంది. కత్తెర చల్లగా కోస్తుంది కనుక పూత చెడదు, రవ్వలు రావు, చప్పుడు కూడా తక్కువ. ఈ మంచి గుణాల వల్లనే దీనిని అపాయము లేని పనిముట్టుగా భావించే అలవాటు ఏర్పడినది. ఇది సరికాదు. దీనితో వచ్చే అపాయము బ్లేడ్ల వద్ద మాత్రమే లేదు. అప్పుడే కోసిన రేకు అంచులోను, రేకు మీద పడి ఉన్న యంత్రపు వైరులోను కూడా ఉన్నది.

నిర్మాణము

ఈ యంత్రములో రెండు బ్లేడ్లు ఉంటాయి. క్రింది బ్లేడు ఒక వంపు తిరిగిన ఉక్కు పట్టీకి కదలకుండా బిగించి ఉంటుంది. పై బ్లేడు మోటారు ఇరుసుపై కేంద్రము తప్పించి అమర్చిన భాగము వలన పైకి క్రిందికి కదులుతుంది. ఈ కదలిక కొద్ది మిల్లీమీటర్లే అయినా నిమిషానికి సుమారు 2,000 నుండి 4,000 సార్లు జరుగుతుంది. చేతి కత్తెర ఒక్కసారి మూసుకొనే లోపల ఇది పదులసార్లు కొరుకుతుందన్నమాట.

రెండు బ్లేడ్లతో కోసినపుడు రేకు ఒక ప్రక్క కొంచెము వంగుతుంది. అది కూడదనుకొన్నచోట మూడు బ్లేడ్ల రకము వాడతారు. ఇందులో నడిమి బ్లేడు రెండు ప్రక్క బ్లేడ్ల మధ్యకు వచ్చి సన్నని పట్టీని కోసివేస్తుంది. రేకు రెండు వైపులా చదునుగా మిగులుతుంది గాని, ఆ పట్టీ చుట్ట చుట్టుకొంటూ చేతి వైపుకు వస్తుంది. నిబ్లర్ అనే యంత్రము దీనికి దగ్గరి బంధువు. అది రేకును కోయదు, అర్ధచంద్రాకారపు చిన్న ముక్కలుగా తొలుస్తుంది. ఆ ముక్కలు నేలపై పడి చెప్పుల అడుగున దిగబడతాయి కనుక పని ముగియగానే ఊడ్చివేయవలెను.

గేజి, సామర్థ్యము

బజారులో రేకు మందమును తరచుగా గేజిలో చెబుతారు. గేజి అంకె పెరిగిన కొలదీ రేకు పలుచనవుతుంది. కొత్తగా పనిలో చేరినవారు పొరబడేది ఇక్కడే. బ్రిటిష్ స్టాండర్డ్ వైర్ గేజి ప్రకారము 24 గేజి 0.56 మి.మీ., 20 గేజి 0.91 మి.మీ., 18 గేజి 1.22 మి.మీ., 16 గేజి 1.63 మి.మీ., 14 గేజి 2.03 మి.మీ. మందముతో సమానము. ఇతర గేజి పద్ధతులలో ఇవే అంకెలకు మందము కొంత మారుతుంది. అందువలన అంకెను నమ్ముకొనుట కన్న మైక్రోమీటరుతో కొలుచుకొనుట మేలు. కొన్ని యంత్రాలకు ఉక్కు పట్టీ మీదనే కొలత గాడులు ఉంటాయి. రేకు ఆ గాడిలో దూరితే దానిని కోయవచ్చు, దూరకపోతే కోయరాదు.

యంత్రముపై వ్రాసిన సామర్థ్యము సాధారణముగా మెత్తని ఉక్కుకు, అనగా వాడుకలోని ఎం.ఎస్. రేకుకు చెందినది. తన్యత బలము చదరపు మిల్లీమీటరుకు 400 న్యూటన్లు ఉన్న ఉక్కులో 1.6 మి.మీ. కోయగల యంత్రము, 600 న్యూటన్ల ఉక్కులో 1.2 మి.మీ. వరకు, 800 న్యూటన్ల ఉక్కులో 0.8 మి.మీ. వరకు మాత్రమే కోయగలదు. 200 న్యూటన్ల అల్యూమినియములో అదే యంత్రము 2.5 మి.మీ. దాకా పోతుంది. అంటే 16 గేజి ఎం.ఎస్. రేకే ఈ యంత్రమునకు హద్దు. అదే గేజి స్టెయిన్‌లెస్ స్టీలును పెడితే బ్లేడు అంచు రాలుతుంది, లేదా మోటారు ఆగి కాలుతుంది. రెండు రేకులు కలిపి మడిచిన అతుకు మీదుగా పోయేటపుడు మందము ఒక్కసారిగా రెట్టింపు అవుతుందనే సంగతి కూడా గుర్తుంచుకొనవలెను.

విద్యుత్ ప్రమాదము

ఈ రకపు యంత్రాలు అనేకము ద్విగుణ ఇన్సులేషన్ కలవి. వాటి పేరుపలకపై ఒక చతురస్రములో మరొక చతురస్రము గుర్తుగా ఉంటుంది, ఎర్తు తీగ ఉండదు. యంత్రము లోపల ఏ తీగ చెడినా పై తొడుగుకు విద్యుత్తు రాకుండా ఈ ఏర్పాటు కాపాడుతుంది. కాని యంత్రము తన వైరునే తాను కొరికితే ఈ రక్షణ పనికిరాదు. వైరులోని 230 వోల్టుల ఫేజు బ్లేడుకు, బ్లేడు నుండి రేకుకు చేరి, మొత్తము రేకు విద్యుత్ వాహకమవుతుంది. ఆ సమయములో యంత్రము పట్టుకొన్నవాని కన్న రేకు రెండవ కొన పట్టుకొన్న సహాయకునికే ముప్పు ఎక్కువ. అతని చేతిలో ఉన్నది ఒట్టి లోహము.

కాబట్టి వైరు ఎల్లప్పుడు యంత్రమునకు వెనుక వైపు, రేకుకు ఎడముగా ఉండవలెను. భుజము మీదుగా వెనుకకు వేసుకొనుట మంచి పద్ధతి. కోసిన రేకు అంచు వైరు మీద ఒరుసుకొన్నా పై తొడుగు తెగుతుంది కనుక రోజూ పని మొదలుపెట్టే ముందు వైరును కొస నుండి కొస వరకు చేతితో తడిమి చూడవలెను. తెగినచోట టేపు చుట్టి వాడుట కూడదు, వైరు మార్చవలెను. ఆ చేతి పరీక్ష ప్లగ్గు తీసిన తరువాతనే.

ప్లగ్గు పెట్టే చోట 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండవలెను. ఫేజు నుండి భూమికి కారే విద్యుత్తును గుర్తించి అది సరఫరాను క్షణములో ఆపివేస్తుంది. అయితే ఒకే మనిషి ఫేజును, న్యూట్రలును కలిపి తాకి, భూమికి విద్యుత్తు పోకపోతే అది పనిచేయదు. ఆర్‌సీసీబీ ఉన్నదని వైరును నిర్లక్ష్యము చేయరాదు. పాత డక్టులను, గోడకు బిగించిన రేకులను కోసేటపుడు వెనుక కరెంటు వైర్లు పోవుచున్నవేమో ముందుగా చూసి, సరఫరా ఆపించవలెను. బ్యాటరీ యంత్రాలకు వైరు బెడద లేకపోయినా ఈ చివరి జాగ్రత్త వాటికీ వర్తిస్తుంది.

కత్తిరించునపుడు

రేకును బల్ల మీద కదలకుండా బిగించి, కోయవలసిన గీత బల్ల అంచుకు వెలుపల ఉండునట్లు చూడవలెను. యంత్రము నడవడము మొదలయిన తరువాతనే రేకుకు ఆనించవలెను. ఆనించి ఉంచి స్విచ్ వేస్తే బ్లేడు పట్టివేసి యంత్రము ఎగురుతుంది. యంత్రపు అడుగు రేకుకు సమాంతరముగా ఉంటే కోత సాఫీగా సాగుతుంది. బలముగా నెట్టవలసి వచ్చినదంటే బ్లేడు మొండిబారినదని గాని, రేకు మందము ఎక్కువని గాని అర్థము.

కోసిన అంచు కత్తి వలె పదునుగా, కొన్నిసార్లు వేడిగా ఉంటుంది. కోత పూర్తి కాబోయే క్షణములో విడిపోయే ముక్క క్రిందికి జారుతుంది. జారేదానిని చేతితో ఆపబోవుట సహజమైన ప్రతిక్రియ. అరచేయి తెగేది అప్పుడే. కనుక ముక్కను ముందే ఆధారముపై నిలపవలెను, లేదా పడనివ్వవలెను. పాదాలు పూర్తిగా కప్పే బూట్లు, కళ్ళద్దాలు, కోతను తట్టుకొనే చేతి తొడుగులు అవసరము. నూలు తొడుగులు అంచును ఆపవు. పైకప్పు మీద పనిచేసేటపుడు గాలికి రేకు తెరచాప వలె లేస్తుంది కనుక గాలి ఎక్కువగా ఉన్న రోజున పెద్ద రేకులను పైన కోయరాదు.

సంరక్షణ

ఏ మరమ్మతుకైనా ముందు ప్లగ్గు తీయవలెను, బ్యాటరీ యంత్రమైతే బ్యాటరీ తీయవలెను. అనేక యంత్రాలలో బ్లేడు చదరముగా ఉండి నాలుగు అంచులు కలిగి ఉంటుంది. ఒక అంచు మొండిబారగానే 90 డిగ్రీలు త్రిప్పి బిగించుకొనవచ్చు. నాలుగూ అరిగిన తరువాత సానబెట్టక కొత్తవి వేయవలెను. సానబెడితే కొలత తగ్గి బ్లేడ్ల మధ్య ఎడము తప్పిపోతుంది. ఈ ఎడమును ఫీలర్ గేజితో సరిచూస్తారు. రేకు మందమును బట్టి ఎంత ఉండవలెనో యంత్రముతో వచ్చిన పుస్తకములో పట్టిక ఉంటుంది. ఎడము ఎక్కువైతే పలుచని రేకు తెగకుండా బ్లేడ్ల మధ్య మడతపడి ఇరుక్కుపోతుంది. తక్కువైతే బ్లేడ్లు ఒకదానినొకటి రాచుకొంటాయి.

కోత గీత వెంట ఉక్కుకు కొద్దిగా మిషన్ ఆయిల్ పూస్తే బ్లేడు ఎక్కువ కాలము మన్నుతుంది. అల్యూమినియము బ్లేడుకు అంటుకొనే గుణము కలది కనుక దానికి పూత మరింత అవసరము. దీనికి కొందరు కిరోసిన్ వాడతారు. మోటారు లోపల బ్రష్‌ల వద్ద చిన్న రవ్వలు లేస్తాయి కనుక గాలి ఆడని చోట అది మంచిది కాదు.

కార్బన్ బ్రష్‌లు హద్దు గీత వరకు అరిగినపుడు రెండింటినీ కలిపి మార్చవలెను. మోటారు గాలి రంధ్రాలలో చేరిన లోహపు పొడిని తరచుగా తీసివేయవలెను. ఈ పొడి విద్యుత్ వాహకము.

ప్రథమ చికిత్స

అంచు తగిలి లోతుగా తెగినపుడు శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి, చేతిని గుండె కన్న ఎత్తులో ఉంచి ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. వేళ్ళు వంచలేకపోయినా, స్పర్శ తెలియకపోయినా నరము లేదా స్నాయువు తెగి ఉండవచ్చు కనుక కట్టు కట్టి ఊరుకొనరాదు. టెటనస్ టీకా విషయము వైద్యునికి చెప్పవలెను. విద్యుదాఘాతము తగిలినపుడు ముందు సరఫరా ఆపవలెను. ఆపకుండా ఆ మనిషిని గాని, రేకును గాని తాకరాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అంబులెన్సు కొరకు 108కి ఫోను చేయవచ్చు.