ఇంజన్ల హాలు

పరిగిలో తెల్లారి బయల్దేరి హిందూపురంలో రైలెక్కితే బెంగళూరు ఎంతోసేపు కాదు. మా మండలంలో చాలామందికి బెంగళూరంటే ఆస్పత్రి, లేదంటే కొలువు. నాకు మాత్రం మారతహళ్లి దారిలో 2001లో తెరిచిన, విమానాలు తయారుచేసే హెచ్‌ఏఎల్ సంస్థ మ్యూజియం. తూముకుంట పారిశ్రామికవాడలో లేత్ మీద బతికినవాణ్ణి. బయట నిలబెట్టిన విమానాలకన్నా లోపలి ఇంజన్ల దగ్గరే నా కాళ్లు ఆగిపోతాయి.

1903 డిసెంబరు 17న ఓర్విల్ రైట్ 12 సెకన్లు ఎగిరాడని బడిలో చదివినాం. ఆ విమానం ఇంజన్ చేసిన చార్లీ టేలర్ పేరు మాకెవరూ చెప్పలేదు. రైట్ సోదరుల సైకిల్ షాపులో మెకానిక్ ఆయన. ఉన్నవల్లా ఒక లేత్, ఒక డ్రిల్లింగ్ మిషన్, చేతి పనిముట్లు. ఉక్కు దిమ్మె మీద ఆకారం గీసి, గీత వెంబడి రంధ్రాలు వేసి, మిగులు ఉలితో కొట్టేసి, లేత్‌కెక్కించి క్రాంక్‌షాఫ్ట్ తీశాడు. ఆరు వారాల్లో 12 హార్స్‌పవర్ ఇంజన్ సిద్ధం! ఒక్కచోట టూలు జారితే దిమ్మె మొత్తం దండగే. ఆ పనిలో చెయ్యి పెట్టినవాళ్లకు తెలుస్తుంది ఆయనెంతటివాడో.

మన దగ్గర విమానాల తయారీ ఇంజన్‌తో కాదు, బిగింపుతో మొదలైంది. 1940 డిసెంబరులో పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సర్కారుతో కలిసి బెంగళూరులో కార్ఖానా పెట్టాడు; అదే ఈ హెచ్‌ఏఎల్. అమెరికా విడిభాగాలు బిగించి మరుసటి ఏడే హార్లో శిక్షణ విమానం ఎగరేశారు. రెండో ప్రపంచ యుద్ధం ముదిరాక అంతా రిపేర్ల పనే. వి.ఎం. ఘాట్గే బృందం సొంతంగా గీసిన హెచ్‌టి-2 లేచింది 1951 ఆగస్టులో. రెండు సీట్ల చిన్న విమానం. మన పైలట్లు ఎందరో దానిమీదే నేర్చుకున్నారు. మ్యూజియంలోని విమానాలన్నిటిలో నేను దానికే పెద్దపీట వేస్తాను.

అయితే దాని సిరస్ మేజర్ ఇంజన్ ఇంగ్లండుది. 1961 జూన్ 17న ఎగిరిన మారుత్ యుద్ధవిమానానిదీ అదే చిక్కు. జర్మన్ ఇంజనీరు కుర్ట్ టాంక్ దాన్ని ధ్వనికి రెండింతల వేగం కోసం గీశాడు. అందుకు తగ్గ ఇంజన్ మనకు దక్కలేదు. చాలీచాలని ఆర్ఫియస్ ఇంజన్లు రెండు పెట్టుకునే 1971 యుద్ధంలో రాజస్థాన్ సరిహద్దులో పనిచేసింది. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

టర్నర్, ఫిట్టర్ పని నేర్చే మా పక్క పిల్లలను తీసుకుపోయినప్పుడు ముందు మారుత్ దగ్గరికి పోనివ్వను. ఇంజన్ల ముందు నిలబెట్టి, ఏ ముక్క టర్నింగ్‌లో వచ్చిందో, ఏది పోతపోసిందో చెప్పమంటాను.