తెలుగు విరామచిహ్నములు: తాటియాకు మొదలు తెర వఱకు

గ్రంథాలయ రజతోత్సవ సంచికకు గ్రంథములను గూర్చియో, గ్రంథకర్తలను గూర్చియో వ్రాయుట వాడుక. నేను గ్రంథములలో ఎవ్వరును అంతగా గమనింపని చుక్కలను, గీతలను గూర్చి వ్రాయబూనితిని. లెక్కలు వ్రాయువానికి చుక్క చిన్నది కాదు.

మన పూర్వుల తాళపత్రములలో నేటి బిందువు, కామా, ప్రశ్నార్థకము లేవు. పద్యభాగము ముగిసినచోట ఒక నిలువుగీత, పద్యము ముగిసినచోట రెండు గీతలు. కొన్ని ప్రతులలో అవియును లేవు. పదమునకు పదమునకు నడుమ ఎడము విడుచుటయు లేదు. ఆలంపురమున నవబ్రహ్మాలయముల చెంతనున్న శాసనశిలలను చూచినవారికి ఈ సంగతి విదితమే. చదువరి ఛందస్సును, విభక్తిని, సమాపకక్రియను బట్టి ఆగవలసిన తావును తానే గుర్తించుచుండెను. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానముల సభలలో పద్యము కంటికంటె ముందు చెవికి చేరెడిది. వినువానికి కామాతో పనియేమి?

అచ్చుయంత్రము వచ్చిన పిదప స్థితి మాఱెను. 18వ శతాబ్ది నడుమ బెంజమిన్ షుల్జ్ జర్మనీలోని హాలే నగరమున తెలుగు పుస్తకములను ముద్రింపించెను. తరువాతి శతాబ్దిలో మద్రాసు ముద్రణాలయములు పెరిగెను. సీసపు అచ్చులతోపాటు ఐరోపా గుర్తులును మన పుటలలో ప్రవేశించెను. అయితే ఆ గుర్తులు రోమను లిపికొఱకు పుట్టినవి. ఆ లిపిలో అక్షరములన్నియు ఒక గీతపై కూర్చుండును; క్రిందికి దిగునవి కొన్నియే. మన లిపిలో వత్తులు గీత క్రిందనే వ్రేలాడును. ‘శాస్త్ర’ అని వ్రాసి ప్రక్కన కామా పెట్టినచో దాని తోక వత్తులకు తగులును. అట్టిచోట కంపోజిటరు సన్నని సీసపు తునుకను నడుమ దూర్చి సరిచేయుచుండెను.

గద్వాల ప్రాంతపు బోరవెల్లిలో 1896లో జన్మించి, 1952లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికైన సురవరం ప్రతాపరెడ్డిగారు 1926లో స్థాపించిన గోలకొండ పత్రిక ఇట్టి చేతికూర్పుతోనే వెలువడెను. 1934 నాటి గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులకు చోటు దక్కెను. అన్ని పద్యముల తుదిగీతలను ఒక్కొక్కటిగా వ్రేళ్లతో నిలిపిన ఆ కార్మికుల పేళ్లు మనకు తెలియవు.

నేటి తెరపై సీసపు తునుక లేదు. ప్రతి గుర్తుకును ఎంత వెడల్పు, ఎంత ఎత్తు, ఇరుప్రక్కల ఎంత ఖాళీ అనునది ఫాంటులోనే నిర్ణయింపబడి యుండును. ఫాంటు మార్చినచో అవే అక్షరములు, అదే బిందువు. కాని బిందువు ఒకచోట అక్షరమునకు అంటుకొనును, ఒకచోట దూరముగా తొలగును. 1991లో వెలువడిన యూనికోడు ప్రమాణమున తెలుగునకు ప్రత్యేకస్థానము లభించినది. అయినను మన పద్యముల నిలువుగీతకు తెలుగు వరుసలో తావు లేదు. దేవనాగరి వరుసలోని గీతనే భారతీయ లిపులు పెక్కు పంచుకొనుచున్నవి. వాడుచున్న తెలుగు ఫాంటులో ఆ గీత లేనియెడల యంత్రము చెప్పక చేయక మఱియొక ఫాంటునుండి తెచ్చి నిలుపును. అప్పుడు అక్షరములు బొద్దుగా, గీత సన్నగా, పొడుగుగా కానవచ్చును. పెండ్లిపందిరిలో పరాయి ఊరి గుంజవలె నుండును.

సురవరమువారి పేరనే ఒక ఫాంటు కలదు. దాని తెలుగు అక్షరములను పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందింపగా సిలికానాంధ్ర వారు ఉచితముగా లోకమునకిచ్చిరి. అందలి ఆంగ్లాక్షరములు వేఱొక హస్తము గీసినవి. ఇట్టి జంట ఫాంటులలో బిందువు, కామా సాధారణముగా ఆంగ్లభాగముతోనే వచ్చును. తెలుగు వాక్యము చివర నిలుచు చుక్క తెలుగు కొఱకు గీసినది కాకపోవుట ఇందువలననే.

పాత అచ్చుపుస్తకములలో ప్రశ్నార్థకమునకు ముందు కొంత ఎడము కానవచ్చును. దానిని చూచి తెరపై పూర్తి ఖాళీ విడిచినవారికి, పంక్తి నిండగానే ఆ గుర్తు ఒంటరిగా క్రింది పంక్తికి జారును. ఇంతకంటె కీడు విసర్గ విషయమున కలుగుచున్నది. ‘అంతఃపురము’లోని విసర్గకు బదులు, చూపునకు ఒకటే కదా యని, రెండు చుక్కల ఆంగ్లపు గుర్తును పెట్టువారు పెక్కండ్రు. కొన్ని ఫాంటులలో భేదము కనబడదు. మఱియొక ఫాంటునకు మార్చగానే చుక్కలు చిన్నవై పదము రెండుగా విరిగినట్లు తోచును. ఆ పదమును వెదకినవానికి అది దొరకనే దొరకదు. సంస్థానకవుల కావ్యములను తెరకెక్కించు యువకులు దీనిని మొదట సరిచూడవలెను.

ఇక నా వృత్తికి సంబంధించిన మాట యొకటి. మన తెలంగాణములో 2.10 అని భూమి వ్రాసినచో 2 ఎకరముల 10 గుంటలు. 40 గుంటలు ఒక ఎకరము. ఆ చుక్కను దశాంశముగా చదివినవాడు 2 ఎకరముల 4 గుంటలే లెక్కించును. రైతునకు 6 గుంటలు పోవును. తుది సున్నను యంత్రము విడిచి 2.1 అని చూపినచో, అది 2 ఎకరముల 1 గుంటగా చదువబడి 9 గుంటలు పోవును. చుక్క సన్నగా నుండి అంకెల నడుమ ఇఱుకుకొను ఫాంటులలో చిన్న అక్షరముల పట్టిక ముద్రించినచో 210 వలె కనబడుటయు కలదు. అందుచే నేను ఎవరికి కాగితము వ్రాసియిచ్చినను చుక్కను నమ్మక, ఎకరములు, గుంటలు అని అక్షరములలోనే వ్రాయుచున్నాను.