పూర్వీకులను అచ్చువేసిన కవయిత్రి: వందనా టేటే

హిందీలో కవితా సంపుటి వెలువరించిన తొలి ఆదివాసీ స్త్రీ ఎవరు? ఈ ప్రశ్నకు హిందీ సాహిత్య చరిత్రల్లో చాలాకాలం జవాబు దొరకలేదు. ఆమె పేరు సుశీలా సామద్. ముండా తెగకు చెందిన ఆమె 'చాందినీ' అనే పత్రికకు సంపాదకురాలు కూడా. ఆమె కవితల పుస్తకం 'ప్రలాప్' 1935లో అచ్చయింది. తెలుగులో భావకవిత్వం బాగా నడిచిన కాలం అది. హిందీలో దానికి తోబుట్టువులాంటి ఛాయావాదం నడుస్తోంది. అదే కాలపు మహాదేవి వర్మ పేరు పాఠ్యపుస్తకాలకెక్కింది, సుశీలా సామద్ పేరు ఎక్కలేదు. ఎనిమిది దశకాల తర్వాత 'ప్రలాప్'ను మళ్లీ వెలుగులోకి తెచ్చింది పెద్ద ప్రచురణ సంస్థ కాదు, విశ్వవిద్యాలయమూ కాదు. రాంచీలోని ప్యారా కేర్కెట్టా ఫౌండేషన్ అనే చిన్న సంస్థ. ఆ పని వెనుక ఉన్న మనిషి వందనా టేటే.

వందనా టేటే 1969లో పుట్టారు. జార్ఖండ్‌లోని సిమ్డేగా ప్రాంతపు ఖడియా కుటుంబం వారిది. తాత ప్యారా కేర్కెట్టా ఉపాధ్యాయుడు, ఖడియా భాషలో రాసిన తొలితరం వాళ్లలో ఒకరు. జైపాల్ సింగ్ ముండా నడిపిన ఆదివాసీ మహాసభలో పనిచేశారు. తల్లి రోజ్ కేర్కెట్టా ఖడియాలోనూ హిందీలోనూ రాశారు, రాంచీ విశ్వవిద్యాలయంలో ఖడియా బోధించారు, ప్రేమ్‌చంద్ కథలను ఖడియాలోకి తెచ్చారు. ఆమె 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. తాత పేరునే కుటుంబం సంస్థకు పెట్టుకుంది. ఇంట్లో మాట్లాడే భాషలో పుస్తకం ఉండగలదని చిన్నప్పుడే తెలియడం మన పిల్లల్లో ఎందరికి దక్కింది? ఉపాధ్యాయులు ఈ ఒక్క విషయం దగ్గర కాసేపు ఆగాలని మా కోరిక.

ఖడియా మనకు పరాయి భాషేమీ కాదు. అది ముండా భాషా కుటుంబానికి చెందింది. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం కొండల్లో మాట్లాడే సవర కూడా ఆ కుటుంబానిదే. అంటే సవర తెలుగుకు కాదు, ఖడియాకు చుట్టం. 2011 జనగణన ప్రకారం ఖడియా మాతృభాషగా ఉన్నవాళ్లు సుమారు 3 లక్షల మంది. 2003 రాజ్యాంగ సవరణతో సంతాలీకి ఎనిమిదో షెడ్యూలులో చోటు దొరికింది. ఖడియాకు దొరకలేదు, సవరకూ గోండికీ దొరకలేదు.

ఇంత చిన్న భాషలో పుస్తకం వేస్తే కొనేదెవరని వ్యాపారి అడుగుతాడు. ఆయన లెక్క ఆయనది. అచ్చు ఖర్చులో పెద్ద భాగం మొదటి ప్రతి బయటికి రావడానికే అవుతుంది. వేల ప్రతులు అమ్ముడైతే ఆ ఖర్చు పలచబడుతుంది, వందల్లోనే ఆగితే ఒక్కో ప్రతి మీద బరువుగా పడుతుంది. అందుకే ఇలాంటి భాషల పుస్తకాలు సొంతవాళ్లు పూనుకుంటే తప్ప రావు. వందనా టేటే సంపాదకత్వంలోని 'అఖ్‌డా' పత్రిక జార్ఖండ్‌లోని అనేక భాషల రచనలను ఒకేచోట అచ్చువేసింది. అఖ్‌డా అంటే అక్కడి పల్లెల్లో అందరూ చేరి ఆడిపాడే, మాట్లాడుకునే చోటు. పత్రికకు ఇంతకన్నా మంచి పేరు మాకు తట్టడం లేదు.

ఆమె చేసినవాటిలో మాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఏలిస్ ఎక్కా కథల సంకలనం. ఏలిస్ ఎక్కా కూడా ముండా స్త్రీయే. స్వాతంత్ర్యం వచ్చాక రాంచీ నుంచి వెలువడిన 'ఆదివాసీ' అనే వారపత్రికలో హిందీ కథలు రాశారు. 1978లో చనిపోయారు. బతికుండగా కథలు పుస్తకంగా రాలేదు. వారపత్రిక ఎలాంటిదో మనకు తెలిసిందే. వారం గడిస్తే పొట్లం కాగితమవుతుంది, గ్రంథాలయంలో ఉన్నా చెదపురుగు పాలో వాన పాలో అవుతుంది. అలాంటి పాత సంచికల్లో మిగిలిన కథలను పోగుచేసి వందనా టేటే 2015లో పుస్తకంగా తెచ్చారు. అది రాకముందు, ఆదివాసీ స్త్రీలు నిన్నమొన్ననే కలం పట్టారని ఎవరైనా అంటే కాదని చూపించడానికి చేతిలో ఏముంది? ఇప్పుడు రెండు పుస్తకాలున్నాయి: 1935 నాటి కవిత్వం, ఆ తర్వాతి తరపు కథలు.

ఆలోచనాపరురాలిగా ఆమె వాదం సూటిగా ఉంటుంది. ఆదివాసుల గురించి రాసిందంతా ఆదివాసీ సాహిత్యం కాదు. అందులో ఆదివాసీ జీవన దర్శనం ఉండాలి: మనిషి మిగతా జీవుల కంటే గొప్పవాడు కాదనే ఎరుక, భూమిని సరుకుగా చూడని దృష్టి, కలిసి బతికే రీతి. నోటిపాటను రాతకంటే తక్కువగా చూడటాన్ని ఆమె ఒప్పుకోరు. 2014 జూన్‌లో రాంచీలో జరిగిన సదస్సు నుంచి వెలువడిన ఆదివాసీ సాహిత్య ప్రకటన ఈ ఆలోచనలనే చెప్పింది. ఆదివాసీ సాహిత్యమంటే కేవలం ఏడుపో తిరుగుబాటో కాదని కూడా ఆమె అంటారు. ఇక్కడ మాకు కొంచెం పేచీ ఉంది. గనుల కింద ఊరు పోయినవాడి కోపం కూడా ఆ దర్శనం లోంచే పుడుతుంది కదా! అదే జార్ఖండ్‌కు చెందిన ఉరావ్ కవయిత్రి జసింతా కేర్కెట్టా కవితలు చదివితే ఈ మాట నిజమనిపిస్తుంది. ఆమె 'అంగోర్' సంపుటిని 2016లో వేసింది కూడా చిన్న సంస్థే. సంతాల్ మహిళ రూబీ హెంబ్రోమ్ కోల్‌కతాలో 2012లో మొదలుపెట్టిన 'ఆదివాణి' అది.

వందనా టేటే సొంత కవితా సంపుటి 'కోన్‌జోగా' 2015లో వచ్చింది. కవయిత్రిగా ఆమె ఎక్కువ రాయలేదు. ఇతరుల పుస్తకాలు తిన్నగా తేవడానికే కాలమంతా పోయిందని మేము అనుకుంటాం. అచ్చు పనిలో దిగిన ఏ కవి సంగతైనా అంతే.

ఆ పనిలో ఇంకో చిక్కుంది, మనకూ ఉన్నదే. ఖడియాను జార్ఖండ్‌లో దేవనాగరిలోనూ రోమన్‌లోనూ రాస్తారు, ఒడిశాలో ఒడియా లిపిలో రాస్తారు. ఒక్క భాష, మూడు లిపులు. ఒకచోట వేసిన పుస్తకం పక్క రాష్ట్రంలో చదవలేరు. సవర పరిస్థితీ ఇంతే. మన దగ్గర తెలుగు లిపి, అటు ఒడియా లిపి, రోమన్, వీటికి తోడు 1936లో మంగేయి గొమాంగో తయారుచేసిన సొరాంగ్ సొంపెంగ్. సీతంపేట పిల్లకూ గుణుపురం పిల్లకూ అవ్వ చెప్పే కథ ఒకటే కావచ్చు. ఆ కథను పుస్తకంగా వేయాలనుకునే వాళ్లు ముందు ఏ లిపిలో వేయాలో తేల్చుకోవాలి, లేదా రెండుసార్లు అచ్చువేయాలి.